తీర్మానం పుస్తకంలో పడని మాటలు

సంపాదకులకు నమస్కారం.

డ్వాక్రా సంఘాల గురించి పేపర్లో వార్త వచ్చిందంటే అది రెండు రకాల్లో ఒకటి. ఇన్ని కోట్ల రుణాలిచ్చారు, రికవరీ ఇంత శాతం అన్నది ఒకటి. ఫలానా ఊళ్లో లీడరు డబ్బులు వాడేసుకుంది, మహిళలు రోడ్డెక్కారు అన్నది రెండోది. ఈ రెండు వార్తల మధ్య మేం నెలనెలా అరుగుల మీద, అంగన్‌వాడీ వరండాల్లో కూర్చుని చేసే పని ఒకటుంది. అది పది మందీ ఒక్క మాట మీదికి రావడం. దాని గురించి ఎవరూ రాయరు. అందుకని నేనే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదైతే మన్నించండి.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో వీఓఏగా, అంటే ఊళ్లోని డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్యకు సహాయకురాలిగా పనిచేస్తున్నాను. వెలుగు పథకం రోజుల్లో మమ్మల్ని యానిమేటర్లనేవాళ్లు. పేర్లు మారుతుంటాయి గానీ పని అదే. పుస్తకాలు రాయాలి, లింకేజీ కాగితాలు, అంటే సంఘానికి బ్యాంకు అప్పు కోసం పెట్టే కాగితాలు తయారు చేయాలి, మీటింగుల్లో కూర్చోవాలి. ఇప్పుడు వీటికి తోడు ఫోన్‌లో యాప్ కూడా నింపాలి. ఏ సంఘం తీర్మానం పుస్తకం తెరిచినా చివరి వాక్యం ఒకటే: ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’. దాని కింద సంతకాలు, ఒకరిద్దరి వేలిముద్రలు ఉంటాయి. ఆ కాగితం చూసే బ్యాంకు అప్పిస్తుంది. 10 లక్షల వరకు తాకట్టు ఊసే లేదు. ఇప్పుడు 20 లక్షల దాకా కూడా పొలం పాసుబుక్కు అడగరు. ఈ పది మందీ ఒక మాట మీద ఉన్నారు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టిస్తారు అన్న నమ్మకమే బ్యాంకుకు హామీ. కాబట్టి ఆ ఒక్క మాట ఎలా తయారవుతుందో బయటివాళ్లకూ తెలియాలి.

ఒక సంఘంలో జరిగింది చెబుతాను. పేర్లొద్దు. బ్యాంకు 10 లక్షలు మంజూరు చేసింది. పంచుకోవడానికి మీటింగు పెట్టారు. పద్ధతి ప్రకారమైతే ముందే మైక్రో క్రెడిట్ ప్లాన్ రాసుకోవాలి. ఎవరింట్లో ఏ అవసరముంది, ఎంత కావాలి, నెలకు ఎంత కట్టగలరు అన్నవి చూసి, బాగా ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలి. శిక్షణల్లో ఇది బాగానే చెబుతారు. కానీ తెల్లారితే బ్యాంకులో సంతకాలు. పది మందీ కూలి మానుకుని ఒకేసారి వెళ్లాలి. ఆ హడావుడిలో మొదటి మాట సంఘం పెట్టినప్పటి నుంచీ ఉన్న పెద్దావిడ అందుకుంది. ‘‘నాకు గేదెలకు 2 లక్షలు కావాల. ఇయ్యకపోతే నేను సంతకం పెట్టను, మీ అప్పూ వద్దు మీరూ వద్దు’’ అంది. గొంతు పెద్దది. వీధి చివర దాకా వినపడింది. తర్వాత ఇంకొకామె కూతురి నర్సింగ్ ఫీజు సంగతి ఎత్తింది. రెండు మాటలు చెప్పేసరికి ఏడుపొచ్చేసింది. పక్కనున్నవాళ్లు భుజం మీద చెయ్యేశారు. ఆమెకు లక్షన్నర రాశారు. అలా మూడున్నర లక్షలు పోయాయి. ఏడుగురు తలా 85 వేలు పంచుకున్నారు. మిగిలింది 55 వేలు. అది టైలరింగ్ చేసే చిన్నమ్మాయి వాటాకొచ్చింది. ‘‘ఏమ్మా, నీకు సరేనా?’’ అని అడిగారు. అడగలేదని కాదు. ‘‘మీ ఇష్టమక్కా, ఎంతిచ్చినా సరే’’ అంది. అయిపోయింది. ఏకగ్రీవం.

మర్నాడు బ్యాంకు దగ్గర ఆధార్ జిరాక్సుల కోసం నిలబడ్డప్పుడు అసలు సంగతి బయటపడింది. సెంటర్లో చిన్న గది అద్దెకు తీసుకుని, పికో మిషను, ఓవర్‌లాక్ మిషను పెట్టుకోవాలని ఆ పిల్ల ఆలోచన. దానికి లక్షా 20 వేలవుతుందని లెక్క కూడా వేసుకుంది. ఏ మిషను ఎంతో, పండగ నెలల్లో ఎన్ని చీరలకు ఫాల్, పికో వస్తాయో, కిస్తీ ఎలా కట్టగలదో వేళ్ల మీద చెప్పింది. మీటింగులో కూర్చున్న పది మందిలో అంత తేటగా లెక్క వేసుకున్నది ఆ పిల్లొక్కతే. మరి నోరెందుకు విప్పలేదంటే, ఆ గేదెల పెద్దావిడ వరసకు అత్తవుతుంది. ‘‘అందరి ముందూ అత్తకు ఎదురు చెప్పినట్టుంటది గదక్కా. సాయంత్రానికి మా ఆయన చెవిన పడుద్ది’’ అంది.

ఇందులో నేను పెద్దావిడ తప్పు పట్టడం లేదు. ఆమె కోపం వెనక ఒక కథ ఉంది. అంతకు ముందు కొన్న గేదె చూడితో ఉండగానే చచ్చిపోయింది. పాల డబ్బు ఆగింది, పాత అప్పు తీరలేదు, ఇంట్లో కొడుకు సూటిపోటి మాటలు. ఆమెకు భయమేస్తే అరుస్తుంది. ఫీజుల తల్లికి భయమేస్తే కళ్లలో నీళ్లొస్తాయి. చిన్నమ్మాయికి భయమేస్తే నోరు మూతపడుతుంది. మనిషి తీరును బట్టి, ఇంట్లో పెరిగిన పద్ధతిని బట్టి, ఎవరి ముందు కూర్చున్నారన్న దాన్ని బట్టి అది మారుతుంది. ముగ్గురిదీ అదే భయం, అదే అవసరం. కానీ మా మీటింగులో కోపానికి 2 లక్షలు పలికింది, కన్నీళ్లకు లక్షన్నర, మౌనానికి 55 వేలు. రేపు ఆ 2 లక్షల కిస్తీ ఆగితే మాత్రం సంఘం మొత్తానికి మచ్చ పడుతుంది. అప్పుడు ఆ చిన్నమ్మాయి కూడా సమాన బాధ్యురాలే.

ఇలాంటివి ఆఫీసర్లతో చెబితే చాలామంది ఒకటే సలహా ఇస్తారు: ‘‘ఎమోషన్స్ పక్కనపెట్టి ప్రశాంతంగా మాట్లాడుకోండమ్మా.’’ నాకు ఈ సలహా అస్సలు నచ్చదు. మీటింగులో ఎవరు ప్రశాంతంగా ఉంటారో చూడండి. మొగుడు నెల జీతం తెచ్చే ఇంటావిడ, అప్పు వచ్చినా రాకపోయినా గడిచిపోయేది ఉంటుంది. అప్పు రాకపోతే పిల్ల చదువు ఆగిపోయే మనిషిని టెన్షన్ పడకుండా మాట్లాడమంటే ఎలా? ప్రశాంతంగా ఉన్నవాళ్ల మాటే న్యాయమని మొదలుపెడితే, కడుపు నిండినవాళ్ల మాటే ఎప్పుడూ గెలుస్తుంది. పైగా ఏడ్చిన మనిషికి పేరు పెట్టేస్తారు. ‘ఆమెది ఏడుపుగొట్టు వ్యవహారం’ అంటారు. ఆ తర్వాతి మీటింగు నుంచి ఆమె నిజం చెప్పినా నాటకమే అవుతుంది.

అయినా కోపాన్ని, ఏడుపును బయటే వదిలేసి వచ్చి కూర్చోమనడానికి మా జిల్లాకేం హక్కుంది? సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో మా జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లింది ప్రశాంతంగా కాదు. తాగొచ్చి కొట్టే మొగుళ్ల మీద, కూలి డబ్బు మింగే దుకాణం మీద కడుపు మండి వెళ్లారు. ఆ మంటే జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని మా జిల్లాలో పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. సంఘాలను బ్యాంకులకు కలిపే పనిని నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టిందని శిక్షణల్లో చెబుతారు. అది నిజమే. కానీ మా అమ్మల తరానికి సంఘమంటే ముందు కోపం, తర్వాతే పాసుబుక్కు.

అదే గుంపు బలం తిరగబడితే ఎలా ఉంటుందో కూడా చూశాం. 2010కి ముందు ప్రైవేటు మైక్రో ఫైనాన్సు కంపెనీలు వారంవారం వసూళ్లు చేసేవి. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లను ఇంటికి పంపించేవాళ్లు కాదు. ఆ కట్టలేని మనిషి ఇంటి ముందు కూర్చోబెట్టేవాళ్లు. తోటి ఆడవాళ్ల చేతే సిగ్గు పెట్టించడమన్నమాట. ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారం వసూళ్లు ఆపింది, ఇంటి మీదికి వెళ్లి బలవంతం చేయకూడదంది. ఆ గ్రూపుల్లో కూడా ‘అందరూ ఒప్పుకున్నారు’ అనే కాగితం ఉండేది.

మధ్యలో ఒక మాట. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊళ్లో గొడవల్లేకుండా ఉంటే మంచిదే, కాదనను. కానీ నామినేషను ఎందుకు వెనక్కి తీసుకున్నావని ఆ తీసుకున్న మనిషిని విడిగా అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. ఒక్క మాటకు డబ్బు కడితే ఒక్క మాట వస్తుంది. ఎలా వచ్చిందో ఎవరికీ పట్టదు.

సరే, మరి ఓట్లు వేయించొచ్చు కదా అంటారు. అదీ చేశాం. దాని సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో నాకు ఇప్పటికీ తేలని విషయముంది.

వేరే సంఘంలో ఒక సభ్యురాలు వరసగా కిస్తీలు కట్టలేదు. భర్తకు బండి యాక్సిడెంటు, కాలు విరిగింది, ఆమె కూలికి పోలేకపోతోంది. ఆమెను సంఘంలో ఉంచాలా, తీసేయాలా అన్నది ప్రశ్న. ఆ రోజు ఆమె రాలేదు. మిగతా తొమ్మిది మందిని వరసగా అడిగితే తొమ్మిది మందీ ‘తీసేద్దాం’ అన్నారు. లీడరు ముందు అనేసింది, మిగతావాళ్లు అందుకున్నారు. చెప్పేటప్పుడు కొందరు చాప అంచులు పీకుతూ కూర్చున్నారు. అప్పుడు మా పని చూసే కోఆర్డినేటరు సీసీ గారు ఒక పని చేయించారు. ఒక స్టీలు చెంబు తెచ్చి దాని మీద తువాలు కప్పారు. ఒక్కొక్కరికీ ఒక చింతగింజ, ఒక వేరుశనగ గింజ ఇచ్చారు. ఉంచాలంటే చింతగింజ వేయాలి, తీసేయాలంటే వేరుశనగ. మిగిలిన గింజ కొంగులోనే దాచుకోవాలి. చెంబు తిరగేస్తే ఆరు చింతగింజలు, మూడు వేరుశనగ గింజలు పడ్డాయి. నోటితో తొమ్మిది మంది తీసేయమన్నారు, చేత్తో ఆరుగురు ఉంచమన్నారు.

ఇక్కడితో ఆపితే చక్కటి కథ. కానీ లీడరక్క మొహం ఎర్రబడిపోయింది. ‘‘నా మొహాన చెప్పడానికి నోళ్లు రాలేదా మీకు?’’ అని ఏడ్చేసింది. ఆమెను అంతకు ముందు ఎవరూ ఏడవగా చూడలేదు. అప్పుడు బయటపడింది, ఆ కట్టలేని మనిషి కిస్తీని రెండు నెలలుగా లీడరే చేతి డబ్బు వేసి కడుతోంది, ఖాతా ఓవర్‌డ్యూ కాకూడదని. మొగుడితో తిట్లు తింటోంది. ఆ కోపమే ‘తీసేద్దాం’ అన్న మాటలో వచ్చింది. మరి ఉంచాలన్న ఆరుగురూ ఎవరు? ఆ ఆరుగురూ కిస్తీ పంచుకుంటారా? చెంబులో గింజలకు పేర్లుండవు కాబట్టి అడగడానికి మనిషి లేదు. దయ చూపించినవాళ్లు దాక్కున్నారు, భారం మోసిన ఆమె దుర్మార్గురాలైంది. అదేం న్యాయం?

ఆ రోజు తీర్మానం రాయలేదు. సీసీ గారు పుస్తకం మూయించారు. తర్వాతి మీటింగులో లీడరు కట్టిన రెండు కిస్తీలూ సంఘం పొదుపు నుంచి ఆ సభ్యురాలికి అంతర్గత అప్పుగా రాసి లీడరుకు తిరిగిచ్చారు. ముగ్గురు తమంతట తామే, ‘మేం ఇంకో రెండు నెలలు తలా కొంచెం వేసుకుంటాం’ అన్నారు. చింతగింజ వేసిన మిగతా ముగ్గురెవరో నేటికీ తెలియదు. అడగకూడదు కూడా.

అందుకే నేను ఓటు పెట్టమని అడగడం లేదు, ఒక్క మాట మీదికి రావద్దనీ అనడం లేదు. ఒకే ఊళ్లో, ఒకే కుళాయి దగ్గర రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. ఐదుకు ఐదుగా చీలి బతకలేం. గింజలు మనసులో ఏముందో చెబుతాయి, ఎందుకుందో చెప్పవు. కాబట్టి ఎందుకో చెప్పించే వీలుండాలి. దానికి మా దగ్గర కొన్ని సంఘాల్లో చేస్తున్నవి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయేమో.

మాట చిన్నవాళ్లతో మొదలుపెట్టిస్తున్నాం, లీడరు చివర మాట్లాడుతుంది. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. పెద్దవాళ్లకు మొదట్లో చిన్నతనంగా అనిపించింది. ఒకామెనైతే, ‘‘పెద్దమ్మా, నువ్వు ముందు చెప్పేస్తే మాకింకేం మిగులుద్ది చెప్పడానికి’’ అని కోడలి వరసామె నవ్వుతూ అనేసరికి ఒప్పుకుంది. రెండోది, లింకేజీ వస్తుందని తెలియగానే మీటింగుకు ముందే నేను ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఎంత కావాలో, ఎందుకో విడిగా రాసుకుంటున్నాను. అత్త పొలం వెళ్లిన వేళ చూసుకుని వెళ్తాను, ఇందులో దాచేదేముంది. మీటింగులో ఆ కాగితం నేను చదువుతాను. అప్పుడు లక్షా 20 వేలని ఆ పిల్ల నోటితో అనక్కర్లేదు, కాగితమే అంటుంది. ఎవరైనా అరిస్తే అరవనిస్తాం. ఏడిస్తే ఏడవనిస్తాం, నీళ్లు ఇస్తాం. కానీ ఆ నిమిషంలో అంకె మార్చం. అంకెలు మార్చాల్సి వస్తే అందరూ మాట్లాడాకే మార్చాలి. అప్పటికి అరిచిన మనిషికీ గొంతు దిగుతుంది. ‘ఒక లక్ష ఇప్పుడు చాల్లే, ఇంకో గేదె వచ్చేసారి చూద్దాం’ అని తనే అనడం కూడా చూశాను.

మౌనంగా ఉన్నవాళ్లందరూ మింగుకుని కూర్చున్నారని కూడా అనుకోకూడదు. ఒకామె ఉంది, ఎన్నిసార్లు కదిపినా ‘సరే’ తప్ప ఇంకో మాట రాదు. లోపల ఏదో బాధ ఉందని పదిసార్లు గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుని, ‘‘నాకు నిజంగానే సరేనమ్మా, పొయ్యి మీద అన్నం పెట్టొచ్చాను, వదిలేయండి’’ అంది. అదీ ఉంటుంది.

ఇక మా చేతిలో లేనివి రెండున్నాయి. సంబంధిత అధికారులు మీ పేపరు చూస్తారు కాబట్టి అడుగుతున్నాను.

బ్యాంకు వాళ్లు మంజూరు సంగతి చెప్పి ఎల్లుండే సంతకాలకు రమ్మంటారు. మార్చి నెలలో టార్గెట్ల కోసమైతే మరీను. మంజూరుకూ సంతకాలకూ మధ్య ఒక మీటింగు పట్టేంత గడువు ఇప్పించండి. ఒక రాత్రి గడిస్తే చాలామందికి నోరు వస్తుంది. ఆ రోజు మీటింగులో ‘ఎంతిచ్చినా సరే’ అన్న పిల్లే తెల్లారి జిరాక్సు సెంటరు దగ్గర లెక్కంతా చెప్పింది కదా.

రెండోది, తీర్మానం పుస్తకంలోనూ యాప్‌లోనూ ఒక గడి పెట్టండి: ‘ఒప్పుకున్నారు గానీ ఇష్టంగా కాదు, కారణం’ అని. దాంతో అప్పు ఆగక్కర్లేదు. ఎవరో ఒకరు మనసు చంపుకుని ఒప్పుకున్నారన్న సంగతి కాగితం మీద ఉంటే, వచ్చే విడతలో ఆమె దగ్గరే మాట మొదలుపెట్టొచ్చు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ గడి ఖాళీగా ఉన్న పుస్తకాలను మెచ్చుకోకూడదు. ఏళ్ల తరబడి ఒక్కరికీ ఒక్క విషయంలోనూ ఇబ్బంది లేని సంఘమంటే నేనైతే నమ్మను. లీడర్లను ఎప్పటికప్పుడు మార్చాలని శిక్షణల్లో చెబుతూనే ఉన్నారు, చాలాచోట్ల మొదటి లీడరు, రెండో లీడరు మొదటి నుంచీ వాళ్లే. ముందు ఆ మాట అమలు చేయిస్తే ఈ గడిలో రాయడానికి సభ్యులకు కాస్త ధైర్యం వస్తుంది.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు, ఊరి పేరు వేయొద్దని మనవి. మా సంఘాల వాళ్లు పేపరు చదువుతారు, గేదెల పెద్దావిడ మనవరాలి చేత రోజూ చదివించుకుని వింటుంది. ఆమె విషయం ఆమెతోనే, మంచి సమయం చూసి, నేనే మాట్లాడతాను.

ఇట్లు,
ఒక వీఓఏ,
నెల్లూరు జిల్లా